పళ్ళు తీయించుకున్న మామయ్యగారికి కంద ముద్దకూర: గొంతు దురద రాకుండా ఎలా చేయాలి?

పటమట కోడలు (విజయవాడ)
అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి 78 ఏళ్ళు. పోయిన నెల మిగిలిన పళ్ళన్నీ తీసేశారు. చిగుళ్ళు పూర్తిగా మానాక కట్టుడు పళ్ళు పెడతామన్నారు, దానికి ఇంకో రెండు నెలలు పట్టేలా ఉంది. అప్పటిదాకా మెత్తటి తిండే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ముద్దపప్పు అన్నం, రాత్రి పెరుగన్నం. మనిషి ఏదీ వద్దనరు కానీ రోజురోజుకీ తిండి తగ్గిపోతోంది.

మొన్న కంచం ముందు కూర్చుని, "మీ అత్తయ్య కంద ముద్దగా చేసేది, అదుంటే ఇంత అన్నం తిందును" అన్నారు. అత్తయ్యగారు పోయి మూడేళ్ళయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ కూర నేనెప్పుడూ చేయలేదు, తినడమే తెలుసు. మర్నాడే రైతుబజారుకెళ్ళి అరకిలో కంద తెచ్చి, కుక్కర్లో ఐదు విజిళ్ళు రానిచ్చి, బాగా మెత్తగా ఉండాలని మిక్సీలో వేశాను. బంకలా సాగింది. రెండు ముద్దలు తిన్నాక గొంతు గీరినట్టుంది, ఆయన ఏమీ అనకుండా మజ్జిగ తాగి లేచిపోయారు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

కంద ఎలా ఎంచుకోవాలి, దురద ఎలా పోవాలి, మెత్తగా ఉంటూ బంక కాకుండా ఎలా చేయాలి? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో మాట. అత్తయ్యగారి కూరలో చివరన ఒక వాసన ఉండేది. ఇంగువ కాదు, అది నాకు తెలుసు. ఏమిటో పట్టుకోలేకపోతున్నాను.

బ్రాడీపేట పిన్ని (గుంటూరు)
అమ్మాయీ, బాధపడకు. కందతో మొదటిసారి గొంతు గీరించుకోని ఇల్లు లేదు. నేను చేసే తీరు చెబుతాను, రాసుకో.

కందని ముందు కడగకు. మట్టి గుడ్డతో దులిపి, చేతులకి నూనె బాగా రాసుకుని, పొడిగా ఉండగానే కత్తిపీట మీద చెక్కు మందంగా తీసెయ్. చెక్కు కింద ఎర్రటి పొర ఏమాత్రం మిగలకూడదు. తడి చేత్తో పట్టుకుంటే మణికట్టు దాకా దురదే. ముక్కలు కోశాక అప్పుడు రెండు మూడు నీళ్ళు మార్చి కడుగు.

అరకిలో ముక్కలకి గిన్నె నిండా నీళ్ళు, చిటికెడు పసుపు, కాస్త ఉప్పు. మూత పెట్టకుండా ఉడికించు. ముక్క సగం మెత్తబడ్డాక నిమ్మకాయంత చింతపండు పిసికి ఆ రసం పొయ్యి. వేలితో నొక్కితే పిండిలా విరిగేదాకా ఉడకాలి, ఇరవై ఐదు నిమిషాలు పట్టినా పట్టొచ్చు. ఆ నీళ్ళు పూర్తిగా వార్చెయ్. వార్చిన ముక్కల్ని మళ్ళీ అదే గిన్నెలో సన్నసెగ మీద రెండు నిమిషాలు ఉంచి ఆవిరి పోనిచ్చి, వేడివేడిగా ఉన్నప్పుడే పప్పుగుత్తితో మెదుపు. చల్లారాక మెదిపితే ఉండలు మిగులుతాయి.

తిరగమోత విషయంలో ఒక జాగ్రత్త. మామూలుగా శనగపప్పు, మినప్పప్పు వేస్తాం. మీ మామగారికి అవి చిగుళ్ళలో రాళ్ళలా గుచ్చుకుంటాయి. ఆ రెండు పప్పుల్నీ దోరగా వేయించి మెత్తగా పొడి కొట్టి కలుపు. రుచీ పోదు, గట్టిగా తగిలేదీ ఉండదు. ఎండుమిరపకాయ, కరివేపాకు నూనెలో వేగాక తీసి పక్కన పెట్టి, ఆ నూనె మాత్రం కూరలో పొయ్యి.

లంకల రైతుబిడ్డ (కొల్లిపర వైపు)
అక్కా, సగం సమస్య కొనేటప్పుడే తేలిపోతుంది. మా దుగ్గిరాల, కొల్లిపర వైపు పసుపు, అరటితో పాటు కంద కూడా వేస్తాం. ఎనిమిది, తొమ్మిది నెలల పంట. భూమిలోంచి తవ్విన వెంటనే వండితే దురద ఎక్కువ. తవ్వి గాలి తగిలేచోట కొన్ని వారాలు నిలవ ఉంచింది అయితే దురద తగ్గుతుంది, ఉడుకు కూడా బాగా ఉడుకుతుంది. అందుకని బజార్లో పైన మట్టి తడిగా, చెక్కు నున్నగా ఉన్న దుంప కంటే కాస్త ఎండినట్టు ఉన్నది అడిగి తీసుకోండి. కోసి పెట్టిన చెక్క కొంటే లోపల రంగు ఒకేలా ఉందో లేదో, మెత్తబడిన మచ్చలున్నాయో చూడండి.

రకం కూడా ముఖ్యమే. గజేంద్ర అనే రకం మన కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చింది. దురద చాలా తక్కువ. ఇప్పుడు బయటి రాష్ట్రాలకి కూడా అదే విత్తనం వెళ్ళింది. నాటు కంద వేరు, దానికి చింతపండు లేకుండా పని జరగదు.

వన్‌టౌన్ వంటిల్లు (విజయవాడ)
పిన్నిగారూ, చింతపండు మొదట్లోనే వేస్తే ఏమవుతుందండీ? మా అమ్మ మొదట్లోనే వేస్తుంది. దురద పోవాలంటే మొదటినుంచీ పులుపులో ఉడకాలి కదా.

బ్రాడీపేట పిన్ని (గుంటూరు)
పులుపు ముందే పడితే ముక్క గట్టిగా ఉండిపోతుంది, ఎంతసేపు ఉడికించినా నడుమ పలుకు మిగులుతుంది. పులుసు కోసమైతే ముక్క విరగకుండా ఉండాలి కాబట్టి మీ అమ్మగారి పద్ధతే మంచిది. ముద్దకూరకి మాత్రం ముందు మెత్తబడాలి, తర్వాత పులుపు. ఈ రెండింటికీ తేడా ఉంది.

ఆహార శాస్త్రం చదివినవాణ్ణి (గుంటూరు)
పిన్నిగారు చెప్పింది అక్షరాలా నిజం. కూరగాయల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. అందుకే టమాటా పులుసులో వేసిన బంగాళదుంప కూడా ఆలస్యంగా ఉడుకుతుంది.

దురద గురించి కూడా చెబుతాను. కందలోను, చేమదుంపలోను కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. మామూలు కంటికి కనపడవు. అవి చర్మానికి, గొంతుకి గుచ్చుకోవడమే మనం దురద అంటున్నది. వట్టి వేడికి ఆ సూదులు పోవు. అందుకే చింతపండు, మజ్జిగ లాంటి పులుపు, చెక్కు మందంగా తీయడం, ఉడికిన నీళ్ళు పారబోయడం, ఇవన్నీ కలిస్తేనే పని జరుగుతుంది. పటమట కోడలు గారు కుక్కర్లో పులుపు లేకుండా ఉడికించి, నీళ్ళు వార్చకుండా మిక్సీలో వేశారు కాబట్టి అలా జరిగి ఉంటుంది.

మిక్సీ సంగతి వేరే. దుంప ఉడికినప్పుడు లోపలి పిండి రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. పప్పుగుత్తితో నొక్కితే చాలావరకు అలాగే ఉంటాయి. మిక్సీ బ్లేడు వాటిని చీల్చేస్తుంది, లోపలి పిండి బయటికొచ్చి గంజిలా, జిగురులా సాగుతుంది. బంగాళదుంపకి కూడా ఇదే కారణం. ఒక్కసారి జిగురు పట్టాక దాన్ని వెనక్కి తేలేం. ఆ మిశ్రమాన్ని శనగపిండితో కలిపి అట్లుగా కాల్చుకోవడమే దారి.

ఒక హెచ్చరిక. పెద్దవాళ్ళకి కిడ్నీలో రాళ్ళ చరిత్ర ఉంటే కంద, చేమ, బచ్చలి మూడింట్లోనూ రాళ్ళకి కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువే. రోజూ పెట్టకండి, వాళ్ళ డాక్టర్ని ఒకసారి అడగండి.

పటమట కోడలు (విజయవాడ)
మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. మామయ్యగారికి రాళ్ళ సమస్య లేదండీ, బీపీ మాత్ర ఒక్కటే. షుగర్ కొంచెం అంచున ఉంది. బచ్చలి కలపాలా వద్దా? అత్తయ్యగారి కూర ఆకుపచ్చగా ఉండేదని మా ఆయన అంటున్నారు. నాకు పసుపుపచ్చగా గుర్తు.

సత్యనారాయణపురం అమ్మమ్మ (విజయవాడ)
తల్లీ, ఇద్దరిదీ నిజమే అయి ఉంటుంది. బచ్చలి దొరికిన రోజున కందబచ్చలి, దొరకని రోజున ఉత్త కంద. మా ఇంట్లో పెళ్ళిళ్ళకీ, ఆబ్దికాలకీ కందబచ్చలి ఉండి తీరాలి. ఆబ్దికం వంటలో బంగాళదుంప పెట్టం, కందా చేమా మాత్రం పెడతాం. అమెరికా ఖండం నుంచి వచ్చిన దుంప మన పాత వంటల్లోకి ఎక్కలేదని మా నాన్నగారు చెప్పేవారు.

బచ్చలి నాలుగు గుప్పెళ్ళు, లేత కాడతో సహా సన్నగా తరిగి విడిగా మగ్గించు. కందతో కలిపి ఉడికిస్తే ఆకు నల్లబడుతుంది. కంద మెదిపాక అందులో కలుపు. ముదురు కాడలు పళ్ళు లేనివారికి పీచుగా తగులుతాయి, వేయకు.

ఇక అసలు మాట. ఈ కూరకి ప్రాణం ఆవ. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు, కొంచెం నీళ్ళు పోసి మెత్తగా నూరు. పొయ్యి ఆపి, కూర గోరువెచ్చగా అయ్యాక కలుపు. పొయ్యి మీద ఉండగా కలిపావా, ఘాటు పోయి చేదు మిగులుతుంది. నువ్వు అడిగే ఆ వాసన ఆవదేమో చూడు.

ఆహార శాస్త్రం చదివినవాణ్ణి (గుంటూరు)
అమ్మమ్మగారు చెప్పినదానికి కారణం ఉంది. ఆవగింజ నలిగి నీళ్ళు తగిలాకే ఘాటు పుడుతుంది. దాన్ని పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది. వేడి కూరలో వేస్తే ఘాటు పుట్టే అవకాశమే ఉండదు. నూరి పది నిమిషాలు ఉంచి కలిపితే ఇంకా బాగా వస్తుంది.

బ్రాడీపేట పిన్ని (గుంటూరు)
అక్కయ్యగారూ, నేను ఇక్కడ ఒప్పుకోలేను. పళ్ళు తీసి నెల కూడా కాలేదు. చిగుళ్ళు పచ్చిగా ఉన్నవారికి ఆవ మంట పెడుతుంది, ఎండుమిరపకాయ ఇంకా మంట పెడుతుంది. మాది గుంటూరే, కారం లేనిది ముద్ద దిగదు, అయినా ఈ రెండు నెలలూ వద్దంటాను. అల్లం రసం, నెయ్యి, జీలకర్ర పొడి చాలు.

సత్యనారాయణపురం అమ్మమ్మ (విజయవాడ)
నువ్వన్నదీ న్యాయమే చెల్లీ. చిగుళ్ళ సంగతి నేను ఆలోచించలేదు. అమ్మాయీ, ముందు ఆవ లేకుండా పెట్టు. పుండు మానాక పావు చెంచాతో మొదలుపెట్టు.

ఎడిన్‌బరాలో గుంటూరమ్మాయి
ఈ చర్చ చదువుతుంటే కొరిటెపాడులో మా ఇల్లు కళ్ళముందుకొచ్చింది. నేను ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు. ఇక్కడివాళ్ళకి కూడా దుంపలు మెదిపి తినడమంటే ప్రాణం. జనవరి 25న వాళ్ళ జాతీయ కవి బర్న్స్ పుట్టినరోజు రాత్రి విందులో హాగిస్ (గొర్రె లోపలి భాగాలతో చేసే వంటకం) పక్కన రెండు ముద్దలు పెడతారు. ఒకటి తెల్లటి బంగాళదుంప ముద్ద, రెండోది పసుపుపచ్చటి స్వీడ్ ముద్ద. స్వీడ్ అంటే మన ముల్లంగికి, క్యాబేజీకి చుట్టం లాంటి లావుపాటి గడ్డ. స్కాట్లాండ్‌లో దాన్ని నీప్స్ అంటారు. వెన్న, మిరియాల పొడి, అంతే.

నాకు ఆశ్చర్యం వేసింది మాత్రం ఐర్లాండ్ వాళ్ళ కోల్‌కానన్ చూసినప్పుడు. ఉడికించి మెదిపిన బంగాళదుంపలో తరిగిన క్యాబేజీనో, కేల్ ఆకునో కలుపుతారు. నడుమ గుంట చేసి వెన్న వేస్తారు, అది కరిగి మడుగు కడుతుంది. హాలోవీన్‌కి చేసుకుంటారు. దుంపా ఆకూ కలిపి మెదిపి, పైన కొవ్వు. మా అమ్మ కందబచ్చలి మీద నెయ్యి పోసినట్టే ఉంది. మొదటిసారి తిన్నప్పుడు ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను.

ఇక్కడ నేర్చుకున్న ఒక్క కిటుకు చెబుతాను. స్వీడ్‌లో నీళ్ళు ఎక్కువ, పిండి తక్కువ. వార్చి వెంటనే మెదిపితే నీళ్ళోడుతుంది. పిన్నిగారు చెప్పినట్టు మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఆవిరి పోగొట్టాల్సిందే. అక్కడ మీరు క్యారెట్, బీట్‌రూట్ మెదిపినా ఇదే పద్ధతి. బంగాళదుంపకైతే ముందు వెన్న కలిపి, తర్వాత వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తారు. చల్లటి పాలు పోస్తే ముద్ద చప్పున చల్లారి బిగుసుకుంటుంది.

రైల్వే కాలనీ (విజయవాడ)
మా పక్క క్వార్టర్లో చాలా ఏళ్ళు కేరళ కుటుంబం ఉండేది. వాళ్ళు కర్రపెండలం ఉడికించి, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, పసుపు కచ్చాపచ్చాగా నూరి కలిపి మెదిపేవారు. మెత్తగా, కడుపు నిండేలా ఉంటుంది. అయితే జాగ్రత్త, కర్రపెండలంలో సహజంగా సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. చెక్కు పూర్తిగా తీసి, ఎక్కువ నీళ్ళలో మూత లేకుండా బాగా ఉడికించి, ఆ నీళ్ళు తప్పకుండా పారబోయాలి. నడిమి పీచు లాగెయ్యాలి. ఈ విషయం ఆవిడ మా అమ్మకి చాలాసార్లు చెప్పి మరీ నేర్పింది. అందుకే నేనూ చెబుతున్నాను.

వన్‌టౌన్ వంటిల్లు (విజయవాడ)
రోజూ కందే పెట్టలేం కదా అక్కా, మార్చి మార్చి పెట్టండి. మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఏడాదిన్నర మెత్తటి తిండే పెట్టాం, ఆ అనుభవంతో చెబుతున్నాను.

చిలగడదుంప శివరాత్రి రోజుల్లో బాగా వస్తుంది. కుక్కర్లో పెడితే చప్పగా ఉంటుంది. నిదానంగా సన్నసెగ మీద కాల్చినా, మూకుట్లో మూత పెట్టి మగ్గించినా తియ్యదనం పెరుగుతుంది, పంచదార అక్కర్లేదు. కాస్త నెయ్యి, మిరియాల పొడి, ఉప్పు వేసి మెదిపితే నాన్న ఇష్టంగా తినేవారు. చేమదుంప తొక్కతోనే ఉడికించి ఒలిచి, పులిసిన పెరుగు, జీలకర్ర పొడి కలిపి మెదిపేదాన్ని. పెరుగు పులుపుకి జిగురు విరుగుతుంది. పెండలం చలికాలంలోనే దొరుకుతుంది, అది అన్నిటికంటే నున్నగా వస్తుంది.

బంగాళదుంపలు ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి లోపలి పిండి చక్కెరగా మారి కూర తియ్యగా అయిపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో వచ్చే పల్చటి తొక్క కొత్త దుంప వేపుడికి బాగుంటుంది కానీ మెదిపితే జిగురుగా ఉంటుంది. ముద్దకి పాత దుంపే తీసుకోండి. ఆకుపచ్చగా మారిన భాగం కోసి పారేయండి, అది ఒంటికి మంచిది కాదు.

ఇంకొకటి. వాళ్ళకి అన్నీ ఒకే ముద్దలా కలిపి పెట్టకండి. కంచంలో కూర వేరు, పప్పు వేరు, పెరుగు వేరుగా వడ్డించండి. మా నాన్న మాట పోయాక కూడా దేనికదే విడిగా రుచి చూసేవారు. అన్నీ కలిపేసిన రోజున నోరు తెరిచేవారు కాదు.

పటమట కోడలు (విజయవాడ), నాలుగు రోజుల తర్వాత
చేశాను. ఎండినట్టున్న కంద అడిగితే కూరగాయలమ్మే ఆవిడ లోపలినుంచి తీసి ఇచ్చింది. పిన్నిగారు చెప్పినట్టు నూనె చేతులతో చెక్కు తీశాను, చేతికి ఒక్క చోట కూడా దురద రాలేదు. సగం ఉడికాక చింతపండు, వార్చడం, ఆవిరి పోనివ్వడం, పప్పుగుత్తి. బచ్చలి విడిగా మగ్గించి కలిపాను. వేయించిన పప్పుల పొడి, అల్లం రసం, నెయ్యి. ముందు నేను తిని అరగంట ఆగాను. గొంతు బాగానే ఉంది. అప్పుడు మామయ్యగారికి పెట్టాను.

మొత్తం తిన్నారు. మళ్ళీ అడిగి వేయించుకున్నారు. తిన్నాక కాసేపు ఆగి, "అంతా అదే, చివర్లో ఏదో తగ్గింది" అన్నారు. నేననుకున్న వాసనే ఆయన కూడా వెతుక్కుంటున్నారు. ఆవ అనుకుందామంటే ఆవ తెలియదా నాకు? అది కాదు.

సత్యనారాయణపురం అమ్మమ్మ (విజయవాడ)
అయితే పప్పునూనె, అదే నువ్వుల నూనె, అయి ఉంటుంది తల్లీ. మీ అత్తగారు ఏ ఊరి ఆడపడుచు?

పటమట కోడలు (విజయవాడ)
తెనాలి దగ్గర పల్లెటూరండీ.

సత్యనారాయణపురం అమ్మమ్మ (విజయవాడ)
అటువైపు ఇళ్ళల్లో ఆవకాయకి గానుగ పప్పునూనె జాడీల్లో ఉంచేవారు. ఇలాంటి కూరలు దించాక పచ్చి పప్పునూనె ఒక చెంచా పైన తిప్పి మూత పెట్టేవారు. కాచకూడదు. అదే అయ్యుంటుంది, మీ ఆడపడుచుని అడిగి చూడు.

పటమట కోడలు (విజయవాడ), మర్నాడు
అడిగాను. ఫోన్లో వదినగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవును, అమ్మ ఆవకాయ నూనె సీసాలోంచి కొంచెం పోసేది, నేను మర్చిపోయాను" అన్నారు.

ఈరోజు గానుగ నూనె తెచ్చి, కూర దించాక చెంచాడు పోసి మూత పెట్టాను. ఐదు నిమిషాలకి తీస్తే వంటింట్లోకి అత్తయ్యగారు వచ్చినట్టే ఉంది. మామయ్యగారు హాల్లోంచే "కందేనా?" అని అడిగారు. అన్నం మామూలుగా తినేదానికి రెట్టింపు తిన్నారు. కొంచెం రేపటికి ఉంచమన్నారు, మర్నాటికి ఊరితే ఇంకా బాగుంటుందట. మీ అందరికీ నా తరఫున, ఆయన తరఫున నమస్కారాలు.

లంకల రైతుబిడ్డ తమ్ముడూ, ఒక్క సందేహం. పెద్ద దుంప కొన్నాను, రెండు కిలోల పైనే మిగిలింది. ఎలా దాచాలి?

లంకల రైతుబిడ్డ (కొల్లిపర వైపు)
ఫ్రిజ్ వద్దక్కా. కోసిన వైపు తడి ఆరేదాకా నీడలో గాలికి పెట్టండి, పైన పొరలా గట్టిపడుతుంది. తర్వాత గోనెసంచి మీద, వంటింట్లో తడి తగలని మూల ఉంచండి. కోసిన ముఖం పైకి ఉండాలి. ఈసారి వండేటప్పుడు ఆ ఎండిన పొర తీసేసి లోపలిది వాడుకోండి. మొలకలు కనిపిస్తే ఆ ముక్క పారేయకండి, కుండీలో కాదు, పెరట్లో చోటుంటే మట్టిలో పెట్టండి.